కెరెతాలో ఒక్కదాన్నే

మా ఆయన పోయిన వెయ్యో రోజు విందు ముగిసిన మర్నాడు, పెరట్లో అరటాకులు ఇంకా ఎత్తకముందే, నేను మలేషియా వెళ్తానని మా అమ్మాయి వినార్సితో చెప్పాను. వెళ్లి ఆ దేశమంతా రైల్లో తిరుగుతాను, ఒక్కదాన్నే, అన్నాను.

వినార్సి పెద్ద బాణలి తోముతోంది. చెయ్యి ఆపలేదు.

"ఎవరితో మాక్?"

"చెప్పానుగా, ఒక్కదాన్నే."

"అదేలే, ఒక్కదానివే ఎవరితో?"

దాన్ని తప్పుపట్టలేదు. జావాలో మా మదియున్ వైపు నా వయసు ఆడది ఒంటరిగా వెళ్లడమంటే కూరల బజారుకి వెళ్లి రావడమే. అదీ దారిపొడవునా గడపగడపకీ ఆగి, ఎక్కడికంటే బజారుకని, ఎందుకంటే మిరపకాయలకని చెప్పుకుంటూ వెళ్లాలి. చెప్పకుండా దాటిపోయామా, లస్మిరాకి ఏమైందో పాపం అని సాయంత్రానికి నలుగురూ ఇంటికొచ్చేస్తారు. వచ్చినవాళ్లకి మళ్లీ టీ పెట్టాలి.

నిద్రపోతే పోయే అలసట ఒకటుంది. అది నాకు పెళ్లయిన కొత్తలో ఉండేది. ఇప్పుడున్నది వేరే రకం. పొద్దున్నే నేను కళ్లు తెరిచేసరికి అది నాకంటే ముందే లేచి, మంచం అంచున కూర్చుని ఉంటుంది. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో విందు జరిగినా వంటకి మొదట నన్నే పిలుస్తారు. కూలికి కాదు, ఇరుగుపొరుగు అన్నాక వెళ్లాలి. పెళ్లికి, ఏడోనెల కడుపుకి, పుట్టుకకి, చావుకి. చావుతో అయిపోతుందా? ఆ తర్వాత మూడోరోజు, ఏడోరోజు, నలభయ్యోరోజు, నూరోరోజు, ఏడాది, రెండేళ్లు, చివరికి వెయ్యోరోజు. మావాళ్లు బతికుండగా తిన్నదానికంటే పోయాక పెట్టించేదే ఎక్కువ. ఎక్కడ చూసినా ఆ పెద్ద అన్నం గిన్నె దగ్గర నేనే ఉండేదాన్ని.

ఇంట్లో మా ఆయన కర్సోనో పక్షవాతంతో మంచంలో ఉండేవాడు. మంచివాడే. ఒక్క మాట అనేవాడు కాదు, పడిపోయాక అనలేకపోయేవాడు కూడా. ఒళ్లు పుండ్లు పడకుండా ఆయన్ని ఇటు తిప్పి, కాసేపటికి అటు తిప్పి, దిండు మార్చి, మళ్లీ ఇటు. అలా తిప్పుతున్నప్పుడే ఒకరోజు నాకు రైలు గుర్తొచ్చింది. రైల్లో కూర్చుంటే మనం దేన్నీ కదపక్కర్లేదు, అదే మనల్ని కదుపుతుంది. కిటికీలోంచి పొలాలు వాటంతటవే వెనక్కి పోతాయి. లేచి వెళ్లి వాటిని ఎవరూ తోయక్కర్లేదు. ఆ రోజే అనుకున్నాను, ఈయన బాధ్యత తీరాక ఒక్కసారి అలా కూర్చుంటానని. ఈయన పోవాలని కాదు సుమా. తీరాక, అని.

మన దేశంలోనే తిరగొచ్చుగా అంటుంది వినార్సి. మన దేశంలో ఏ స్టేషన్లో దిగినా ఎవరో ఒకరు "మీరు కర్సోనో గారి భార్య కదూ" అంటారు. మలేషియా అయితే మాట కొంచెం మా మాటలాగే ఉంటుంది, అన్నం దొరుకుతుంది, నన్నెరిగినవాళ్లు ఉండరు. డబ్బు సంగతి నన్నడక్కండి, ఉంది.

వినార్సి కూతురు నస్తితి సురబాయాలో చదువుతోంది, శనాదివారాలు వస్తుంది. ఆ పిల్లే ఫోన్లో పటం తెరిచి, గోడ కేలండరు చింపి దాని వెనక గీసి చూపించింది. జోహోర్ బారులో మొదలైన పట్టాలు గెమాస్ అనే ఊరి దాకా ఒకటిగానే వెళ్తాయి. అక్కడ చీలిపోతాయి. ఒక పాయ అడవిలోంచి తూర్పు సముద్రం దాకా, ఇంకో పాయ పెద్ద ఊళ్ల మీదుగా ఉత్తరానికి.

"ముందు అడవా, ఊళ్లా ఉతి?" అంది నస్తితి. అమ్మని వినార్సి మాక్ అన్నట్టే, అమ్మమ్మని ఇది ఉతి అంటుంది.

"అడవి."

"రాత్రి బండి ఉంటే పడుకుని పోవచ్చు."

"వద్దు. పడుకుని పోతే మన మంచానికేం తక్కువ? పగటి బండ్లే చూడు."

ఆ పేర్లు చదివించుకునేదాన్ని. సెగామత్, గెమాస్, క్వాలా లిపిస్, గువా ముసాంగ్, తుంపాట్. గువా ముసాంగ్ అంటే మా మాటలోనూ పునుగుపిల్లి గుహే. ఆ ఊళ్లో రెండు రాత్రులు ఉందామనుకున్నాను. అక్కడేం చూస్తావని నస్తితి అడిగింది. ఏమీ చూడను, స్టేషన్ ఎదురుగా ఏదైనా గది దొరికితే చాలు, కిటికీ దగ్గర కూర్చుని పునుగుపిల్లుల గురించి ఆలోచిస్తానన్నాను. అది నవ్వి, కేలండరు మీద ఆ పేరు పక్కన పిల్లి బొమ్మ వేసింది.

వినార్సి ఇదంతా గుమ్మంలోంచి చూసింది.

"సరే మాక్. అక్కడ మనవాళ్లమ్మాయి సల్బియా ఉందిగా. ఆవిడకి ఫోన్ చెయ్యి. ఒక్కదానివే తిరిగినా ఏం ఫరవాలేదని ఆవిడ అంటే వెళ్లు, నేనేమీ అడ్డం చెప్పను. ఆవిడ వద్దంటే మాత్రం ఈ ఊసే మళ్లీ ఎత్తకూడదు. సరేనా?"

సరే అన్నాను. అడిగింది న్యాయంగానే ఉంది మరి.

సల్బియా అంటే, మా ఆయన తాతగారి తమ్ముడు జోహోర్ వెళ్లి కొబ్బరితోటలు వేసుకుని అక్కడే ఉండిపోయాడు, వాళ్ల సంతతి. ఒకసారి వాళ్లమ్మతో మా ఊరు చూడడానికి వచ్చింది. వాళ్లమ్మ మా జావా మాటే మాట్లాడేది. ఈ పిల్ల మాత్రం పక్కన కూర్చుని నవ్వుతూ ఉండేది. ఆ తల్లి తర్వాత పోయింది. సల్బియా నన్ను మాక్ చిక్, అంటే అత్తా, అంటుంది, పండగలకి ఫొటోలు పంపుతుంది, అంతే.

ఇక్కడొక సంగతి ముందే చెప్పేస్తాను. రైలును ఇంట్లో మేం సెపూర్ అంటాం. పరాయిదేశపు మనిషి కదా, గౌరవంగా ఉంటుందని నేను ఫోన్లో ఇంటి జావా మాట వదిలి, మా దేశంలో బడిలో నేర్పే బడిభాష మాట్లాడాను. బడిభాషలో రైలంటే కెరెతా. ఆ గౌరవమే నా కొంప ముంచింది. ఎందుకంటే వాళ్ల దేశంలో కెరెతా అంటే కారు. ఇది నాకు అప్పటికి తెలియదు. వినార్సికీ తెలియదు.

ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేసింది వినార్సి. బొబ్బరికాయలు ముందేసుకుని తుంచుతూ కూర్చుంది. కుశల ప్రశ్నలయ్యాక నేను ఊపిరి పీల్చుకుని చెప్పాను.

"నాకు మీ దేశమంతా కెరెతాలో తిరగాలని ఉందమ్మా. ఒక్కదాన్నే."

"ఒక్కరేనా మాక్ చిక్! ఈ వయసులో? మీకు చేతనవుతుందా?"

"ఎందుకు చేతకాదూ? ఎక్కి కూర్చోవడమేగా."

"కూర్చుంటే సరిపోతుందా? దారి తెలియొద్దూ?"

"నాకెందుకు తెలియడం? దారి దానికి తెలుసు. అదే పోతుంది."

ఆ పిల్లకి నమ్మకం కలిగిద్దామని ఇంకొంచెం చెప్పాను.

"మధ్యలో నిద్రొస్తే పడుకుంటానమ్మా. అది పోతూనే ఉంటుంది."

"యా అల్లా! పడుకుంటారా!"

"అందరూ పడుకుంటారు. ఎదురు సీటు వాళ్లు గురకలు కూడా పెడతారు."

"వద్దు వద్దు మాక్ చిక్!" అని ఆ పిల్ల గట్టిగా అరిచినంత పని చేసింది. తర్వాత మాట వేగం పెంచింది. వాళ్ల మాట వేగంగా ఉంటే నాకు ముక్కలు ముక్కలుగా అందుతుంది. అందిన ముక్కల్లో రెండు మళ్లీ మళ్లీ వినిపించాయి. పుసింగ్, పుసింగ్, అంది. పెర్చుమా, అంతా పెర్చుమా, అంది. మా దగ్గర పుసింగ్ అంటే తలతిరుగుడు, తలనొప్పి. పెర్చుమా అంటే దండగ. నేను తెచ్చిపెట్టేది తలనొప్పి, నా ప్రయాణం దండగ అని ఆ పిల్ల నవ్వుతూనే అంటోందనుకున్నాను. నవ్వుతూ అనడం ఇంకా బాధనిపించింది.

"అలాగేనమ్మా," అన్నాను. మేం ఎవరికీ కాదని చెప్పం. నచ్చినా అలాగే, నచ్చకపోయినా అలాగే. అలాగే అలాగే అంటూనే ఫోన్ పెట్టేశాను.

వినార్సి బొబ్బరికాయలు తుంచుతూనే ఉంది. "విన్నావుగా మాక్," అంది మెల్లిగా. గెలిచినట్టు అనలేదు, అది చెప్పుకోవాలి.

కేలండరు కాగితం మడిచి పరుపు కింద పెట్టాను. ఏడవలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. మర్నాడు రెండో వీధిలో ఎవరికో మనవడు పుట్టాడని పిలిస్తే వెళ్లి ఉల్లిపాయలు తరిగాను. తరుగుతూ ఉంటే పక్కావిడ అడిగింది, మలేషియా వెళ్తున్నావటగా లస్మిరా అని. ఎక్కడికీ లేదన్నాను. అయితే వచ్చేవారం మా ఇంటికి నువ్వే రావాలి, అంది.

శనివారం నస్తితి వచ్చింది. అన్నం తింటూ అమ్మ ఫోన్ చూస్తోంది. చూస్తూ చూస్తూ ముద్ద మింగలేక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కకి ఒరిగిపోయి నవ్వడం మొదలెట్టింది.

"ఏమైందే?"

"ఉతి, నువ్వు కారు నడుపుతూ నిద్రపోతానని చెప్పావా?"

సల్బియా ఫొటో పంపింది. తెల్లకారు, సీట్లకి కొత్త తొడుగులు. దాని పక్కన వాళ్లాయన జుల్కిఫ్లి, తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడ్డాడు. కింద పెద్ద సందేశం ఉంది. నస్తితి కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్క మాటే విప్పి చెప్పింది. వాళ్లకి కెరెతా కారట. రైలంటే కెరెతాపి. చివర ఒక్క ముక్క ఎక్కువ. పుసింగ్ అంటే తిరగడం, షికారు. పెర్చుమా అంటే డబ్బు తీసుకోకుండా, ఉచితంగా. 'మేమే మిమ్మల్ని దేశమంతా తిప్పుతాం మాక్ చిక్, ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు' అంది ఆ రోజు ఆ పిల్ల. ఆయన పనికి సెలవు పెట్టేశాడట. దారిలో బంధువుల ఇళ్లన్నిటికీ కబురు కూడా వెళ్లిపోయిందట. ఏడిళ్లు. ఎవరింట్లో ఏ రోజు పడుకోవాలో, ఏమేం వండుతారో రాసి పంపింది.

"చూశావా మాక్!" వినార్సి మొహం వెలిగిపోయింది. "ఎంత మంచివాళ్లో! ఊరికే అపార్థం చేసుకున్నాం. కారు, మనుషులు, ఇళ్లు. ఇంకేం కావాలి నీకు? వెళ్లు, రేపే వెళ్లు!"

నేను ఆ ఫొటో చూస్తూ కూర్చున్నాను. మంచివాళ్లని నాకు మాత్రం తెలియదా? ఆ తొడుగులు నాకోసమే కొన్నారు, వాటి మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు. కాని ఏడిళ్లంటే ఏడు వంటిళ్లు. ఇంటావిడ ఉల్లిపాయలు తరుగుతుంటే నేను చేతులు ముడుచుకుని కూర్చోగలనా? కూర్చోనిస్తారు, నేనే కూర్చోలేను. ఏడు చోట్ల కర్సోనో ఎలా పోయాడో మొదటినుంచి చెప్పాలి. ఏడు చోట్ల వాళ్ల ముసలివాళ్లు ఎలా పోయారో వినాలి. చెప్పాక ఏడుస్తారు, వాళ్లని ఓదార్చాలి. కడుపు నిండినా ఇంకో గరిటె పెట్టించుకోవాలి. పొద్దున్నే అందరికంటే ముందు లేవాలి. తిరిగొచ్చేసరికి నేను మిగలను.

"మాక్, జవాబు పంపనా? సరే అనేదా?" అంది వినార్సి.

"రేపు పంపుదాం."

ఆదివారం పొద్దున్న అడిగితే మళ్లీ రేపన్నాను. ఈ ముసల్దానికి ఏమొచ్చిందని వినార్సి గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలెట్టింది.

"దేశం కాని దేశంలో అంత ప్రేమ చూపించేవాళ్లని నిలబెట్టి వేధిస్తావా? నీకు నడుం పడిపోతే అక్కడ ఎవరు దిక్కు? ఆ రైల్లో పునుగుపిల్లి వచ్చి చూస్తుందా?"

"చూడదు. అందుకే దాని దగ్గరికి వెళ్తానన్నాను."

"చాల్లే మాక్!"

వద్దని చెప్పాల్సింది నేనే. నస్తితి తను రాసి పెడతానంది, నేనే ఒప్పుకోలేదు. ఫొటోలో ఆ గుడ్డ భుజాన వేసుకున్న మనిషికి ఫోన్లో అక్షరాలతో వద్దని చెప్పడం బాగుండదు. ఆ మధ్యాహ్నమే, నస్తితి ఇంకా బండి ఎక్కకముందు, ఫోన్ బల్ల మీద పెట్టించుకున్నాను. వినార్సి కూడా వచ్చి కూర్చుంది.

"మాక్ చిక్! ఎప్పుడొస్తున్నారు? మా పిల్లలు రోజూ అడుగుతున్నారు!"

"వస్తానమ్మా. కాని కారులో కాదు. రైల్లో. కెరెతాపిలో." ఆ చివరి ముక్క గట్టిగా పలికాను.

"రైల్లో ఎందుకు కష్టం? కారుందిగా!"

"ఉందమ్మా. మంచి కారు."

"మా ఆయన మెల్లిగా నడుపుతాడు మాక్ చిక్, భయపడకండి. మా అత్తగారు అయితే తిడతారు, ఆయన నడిపేదానికంటే నడిచిపోవడం నయమని."

నవ్వాను. నవ్వాక చెప్పడం ఇంకా కష్టమైంది. "అది కాదమ్మా, నాకు చపెక్," అన్నాను. బడిభాషలో అలసిపోయానని చెప్పడానికి అదే మాట.

"అయ్యో, కాలు కుంటుతోందా? అందుకే కదా కారన్నాను!"

నస్తితి తల పట్టుకుంది. దేవుడా, ఆ మాట కూడా అక్కడికి వెళ్లేసరికి కుంటిదైపోయింది. బడిలో నేర్చుకున్న మాటలే నాకు నాలుగు. ఆ నాలుగూ అయిపోయాయి. మిగిలింది ఇంటిమాట. ఆ పిల్లకి రాదని తెలిసీ, ఇంక చేతకాక, అలసిపోయానన్నది అందులోనే అనేశాను.

"కెసెల్, గెండుక్. నాకు కెసెల్. కెసెల్ అమ్మా."

మా అమ్మాయితో మాట్లాడినట్టే మాట్లాడాను. గెండుక్ అని మేం సొంత ఆడపిల్లల్నే పిలుస్తాం.

అవతల ఏదో గిన్నె చప్పుడు ఆగింది. సల్బియా గొంతు కిందికి దిగింది.

"మా అమ్మ అనేది ఆ మాట," అంది. "తోటలోంచి వచ్చి గట్టు మీద కూర్చుని, మోకాళ్లు ముందుకి చాపి. కెసెల్, కెసెల్ అనేది. అప్పుడు మేమెవ్వరం దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు. నీళ్లు కూడా ఇచ్చేవాళ్లం కాదు మాక్ చిక్. ఇస్తే, ఇచ్చినందుకు మాతో మాట్లాడాలి కదా. తనంతట తను లేచేదాకా ఊరుకునేవాళ్లం."

ఆ పిల్ల నన్ను మాట్లాడమనలేదు.

"ఆ కెసెలేనా?" అంది చివరికి.

"అదే."

"అయితే రైల్లోనే రండి. ఇళ్లవాళ్లకి నేను చెప్పుకుంటాను. తిడతారు, తిట్టనీ." కాస్త ఆగి, బతిమాలుతున్నట్టు అంది. "ఒక్కటి మాక్ చిక్. మీ బండి క్లువాంగ్‌లో ఆగుతుంది. ఆ స్టేషన్లోనే కాఫీకొట్టు ఉంది. దిగి ఒక్క కాఫీ తాగండి. నేనూ తాగుతాను. తర్వాతి బండికి ఎక్కించేస్తాను. ఇంటికి రమ్మనను. మావయ్య ఎలా పోయారని కూడా అడగను."

"దిగుతానమ్మా," అన్నాను. ఇదే నేను నిజంగా ఒప్పుకుని అన్న మాట. 'అలాగే' అనలేదు.

ఫోన్ ఆగాక నస్తితి పరుపు కిందనుంచి కేలండరు కాగితం తీసుకొచ్చి, క్లువాంగ్ దగ్గర కాఫీ కప్పు బొమ్మ వేయడం మొదలెట్టింది. వినార్సి కదల్లేదు. దానికి కూడా ఆ మాట ఈ ఇంట్లో పుట్టినప్పట్నుంచి తెలుసు. రోజుకి పదిసార్లు అంటాం. కాళ్లు కెసెల్, చేతులు కెసెల్. ఈ రోజే మొదటిసారి విన్నట్టు కూర్చుంది. కాసేపటికి వచ్చి నా కాళ్ల దగ్గర కింద కూర్చుని, పిక్కలు పిసకసాగింది. గట్టిగా పిసుకుతుంది, దానికి కోపమొచ్చినా అంతే, ప్రేమొచ్చినా అంతే.

"నేను ఇన్నాళ్లూ..." అని మొదలెట్టింది.

"నొక్కుతున్నావుగా. నొక్కు."

కొంచెంసేపు ఊరుకుంది. ఊరుకోవడం దానికి ఎక్కువసేపు చేతకాదు.

"మాక్, క్లువాంగ్‌లో ఆవిడ్ని కలుస్తావు కదా. ఉత్తచేతులతో ఎలా కలుస్తావు?"

"ఉత్తచేతులతోనే. చేతులు ఊరికే ఉండడానికే వెళ్తున్నాను."

"అసహ్యంగా ఉంటుంది మాక్! అంత కారు కడిగి, సెలవు పెట్టి, నీకోసం ఏడిళ్ల తిట్లు తినే మనిషి! పెచెల్ కారం ఒక్క పొట్లం. వాళ్లకి అక్కడ ఇలాంటిది దొరకదు."

"దొరకదని నీకెవరు చెప్పారు?"

"ఒక్కటే మాక్. నేనే దంచుతాను. నువ్వు ముట్టుకోకు."

"ఉతి, ఒక్క పొట్లమేగా," అంది నస్తితి కూడా. ఆ పిల్ల ఎవరి వైపో నాకు ఎప్పుడూ అంతుపట్టదు.

వద్దన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాను. ఒక్కరోజులో రెండుసార్లు వద్దనడం నాకిదే మొదలు, అప్పటికే నోరు నొప్పి పుట్టింది. మూడోసారి అడిగేసరికి ఒప్పుకున్నాను. ఒక్కటే, అదీ చిన్నది, అన్నాను. వినార్సి అప్పుడే లేచి ఆ కారంలోకి వేరుశనగలు వేయించడానికి పొయ్యి ముట్టించింది. ప్రయాణానికి ఇంకా టికెట్ కూడా కొనలేదు.

పొట్లం చిన్నదే. కాని దాన్ని సంచిలో ఏ మూల పెట్టినా నా బట్టలన్నీ వెల్లుల్లి వాసన పట్టేస్తాయి, అది నాకు తెలుసు.